దొంగకు నేర్పిన మాట

పుత్తూరుకు మనుషులు రెండు కాళ్ల మీద నడిచి రావడం తక్కువ. చెయ్యో కాలో విరిగితేనే లోకానికి ఈ ఊరు గుర్తొస్తుంది. ఆటోలో అడ్డంగా పడుకుని, కారు వెనక సీట్లో కాళ్లు చాపుకుని, మూలుగుతూ వస్తారు. కట్టు కట్టించుకుని అదే మూలుగుతో వెళ్తారు. ఎలా వచ్చినా, వెళ్లేటప్పుడు చాలామంది చంకలో ఒక చిన్న దిండు ఉంటుంది. దారిలో కుదుపు తగలకుండా కట్టు కింద పెట్టుకునే దిండు అది. దాన్ని కుట్టేది మా పక్కంగడి మస్తాన్ వలి.

నాది జెరాక్సు అంగడి. పేరు రేవతి. నా నోరు మంచిది కాదని బజారులో అందరికీ తెలుసు కాబట్టి, ఇందులో ఎవరినైనా తిడితే అది నా అలవాటు అనుకోండి. మస్తానన్నను మాత్రం తిట్టాలన్నా నోరు రాదు. ఒక్కసారి వచ్చింది. అదీ చెబుతాను.

మా రెండు అంగళ్లకు మధ్య ఒక రేకు అడ్డం. ఆయన అటు తుమ్మితే నేను ఇటు చిరంజీవ అనాలి. పొద్దున వచ్చి మిషను తుడుస్తాడు, బూరుగు దూది బస్తా విప్పుతాడు, ఇక సాయంత్రం దాకా తల మీద, మీసం మీద, కనురెప్పల మీద దూది. గోడకు వాళ్ల తండ్రి నాటి విల్లు వేలాడుతూ ఉంటుంది. దూది ఏకే విల్లు. మిషను వచ్చాక దానికి పని లేదు, అయినా దుమ్ము పట్టనివ్వడు. నోట్లో నాలుక లేని మనిషి. దిండు కోసం వచ్చినవాళ్లను మాత్రం వదలడు. ఎముక యాడ విరిగింది, ఏ ఊరికి పోవాల, బస్సా కారా అని అన్నీ అడిగి, దాన్ని బట్టి దూది కూరుతాడు.

ఆయన పేరు చూసి కొత్తవాళ్లు ఉర్దూలో పలకరిస్తారు. ఆయన తెల్లముఖం వేస్తాడు. వాళ్లది దూదేకుల కుటుంబం. శుక్రవారం మసీదుకు వెళ్తారు, రంజాను నెలంతా ఒక్కపొద్దులుంటారు, ఇంట్లో మాత్రం తెలుగు తప్ప మరో మాట లేదు. పిల్లలకు ఆయన నాయన, షరీఫున్నీసా అమ్మ. అబ్బూ, అమ్మీ అనే పిలుపులు ఆ గడప ఎప్పుడూ దాటలేదు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నాజియా, చిన్నది ఉమ్మే హబీబా. హబీబా పుస్తకాల పురుగు. నాజియా అలా కాదు. ఆ పిల్ల అంగట్లోకి వస్తే రేకు ఇవతల నాకు కూడా నవ్వు వచ్చేది. తడ అవతల ఫ్యాక్టరీలో పని దొరికింది. సూళ్లూరుపేటలో హాస్టలు. వారం వారం ఇంటికి వచ్చేది. రోజూ సాయంత్రం కంపెనీ బస్సు దిగగానే నాయన ఫోనుకు ఒక మెసేజీ పెట్టేది: "నాయనా, దిగినా." అంతే. దానికి మస్తానన్న బొటనవేలు బొమ్మ ఒకటి పంపేవాడు. అది రాకపోతే మిషను ఆపి కూర్చునేవాడు.

వచ్చిన ప్రతి ఆదివారం నాజియా ఫోను పట్టుకుని నాయన వెంట పడేది. గోడ మీద విల్లు దించమనేది, దూది ఏకమనేది, వీడియో తీసేది. ఆ వీడియోలన్నీ తన ఖాతాలో పెట్టేది. ఏ యాప్‌లోనో చెప్పను, దానికి ఇప్పటికే ఉన్న పేరు చాలు. 'మా నాయన దిండ్లు' అని వాటికి పేరు. పదో పన్నెండో ఉంటాయి. ఒకదాంట్లో, "ఈ దిండు ఎవురికి నాయనా?" అని అడుగుతుంది. "తుంటి ఇరిగిన తాతకి. తడ నుంచి వచ్చినాడు," అంటాడు ఆయన. "మరి నాకు?" అంటుంది. "నీకేమి ఇరిగిందని?" అంటాడు. "మనసు," అంటుంది. ఆయనకు సిగ్గు ముంచుకొచ్చి దూది గుప్పెడు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు. ఆ పిల్ల నవ్వుకు ఫోను ఊగిపోతుంది, అంగడి కప్పు కనిపిస్తుంది, వీడియో అయిపోతుంది. ఆమె ముఖం ఎక్కడా ఉండదు. గొంతు ఒక్కటే.

నాలుగేళ్ల కిందటి వానాకాలంలో నాజియాకు జ్వరం వచ్చింది. అందరికీ వచ్చేదే కదా అని మాత్రలు వేసుకుని పనికి వెళ్లింది. ఒళ్లు నిలవక ఇంటికి వచ్చాక తిరుపతికి తీసుకెళ్లారు. రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. పడిపోయినవి మళ్లీ లేవలేదు. విరిగిన ఎముకను అతికించే ఊరు మాది. ఆ ఇంట్లో విరిగినదానికి కట్టు కట్టేవాడు ఈ ఊళ్లో కూడా లేడు.

పోయిన మనిషి వస్తువుల్ని ఎవరో ఒకరు సర్దుతారు. నాజియా ఫోను హబీబాకు ఇద్దామనుకున్నారు. దాని తాళం ఏ నంబరో ఎవరికీ తెలియదు. రిపేరు అంగడికి ఇస్తే వాడు తాళం తీశాడు గాని, లోపలున్నదంతా తుడిచేసి తీశాడు. ఇక సిమ్ము. మస్తానన్న దాన్ని నెల నెలా రీఛార్జి చేయిస్తూ వచ్చాడు. బంధువులు ఒకటే పోరు, పోయిన మనిషి నంబరుకు రీఛార్జి ఏందప్పా, మనసు గట్టి చేసుకో అని. మనసు గట్టి చేసుకోవడమంటే సిమ్ము ఎండబెట్టడమని మాకు తెలిసింది అప్పుడే. ఆయన మానేశాడు. ఆ నంబరు చచ్చిపోయిందనుకున్నాం. నంబర్లు చావవని, కొన్నాళ్లకు కంపెనీ వాటిని ఇంకొకరికి అమ్ముకుంటుందని మాలో ఒక్కరికీ తెలియదు.

అలా నాజియా గొంతు ఈ భూమ్మీద ఆ ఖాతాలో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది. అది పోతుందని ఎవరూ అనుకోలేదు. గోడ పోతుందని ఎవరైనా అనుకుంటారా? మస్తానన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక వీడియో పెట్టుకునేవాడు. రేకు ఇవతల నాకు వినిపించేది. "మరి నాకు?" అని ఆ పిల్ల అడిగేచోట నేను జెరాక్సు మిషను ఆపేసేదాన్ని.

పోయినేడు ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"రేవతమ్మా, ఈ పచ్చ సుక్క ఏంది?"

నేను ఎవరిదో చూడకుండానే చెప్పేశాను. "ఆ మనిషి ఇప్పుడు ఫోను చూస్తా ఉండారని గుర్తన్నా."

చెప్పాక చూశాను. నాజియా బొమ్మ పక్కన, ఆకుపచ్చగా, ఆవగింజంత చుక్క. ఆ పిల్ల ఓణీ వేసుకుని విల్లు పట్టుకుని దిగిన బొమ్మ అది. ఆ చుక్క ఆరిపోయేదాకా మేమిద్దరం అలా చూస్తూ నిలబడ్డాం.

మర్నాడు మళ్లీ వచ్చాడు. మెసేజీ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నేనే చదివి పెట్టాను. "అబ్బూ, ఎలా ఉన్నారు" అని ఉంది.

"దొంగోడు," అన్నాడు మస్తానన్న వెంటనే. "మా బిడ్డ నన్ను అబ్బూ అనేది యాడ ఉండాది?"

పేరు చూసి వాడు లెక్క వేసుకున్నాడు. తురకల ఇల్లు కదా, అబ్బూ అంటారులే అనుకున్నాడు. ఎవడో ఆ నంబరు పట్టుకుని, తాళం మరిచిపోయానని చెప్పి, ఖాతాలో దూరి ఉంటాడు. జవాబివ్వొద్దన్నా, అడ్డం పెట్టెయ్యి అన్నాను. అంటే బ్లాక్ చెయ్యమని. ఆయన తల ఊపాడు. తల ఊపడంలో మస్తానన్నకు సాటి లేదు. వద్దన్నా ఊపుతాడు, సరేనన్నా ఊపుతాడు.

తర్వాత రెండు మూడు నెలలకు ఒకటి గమనించాను. సాయంత్రం మిషను ఆపాక రేకు అవతల ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఫోన్లో మైకు నొక్కితే మనం మాట్లాడింది అదే రాసుకుంటుంది కదా, అలాగ. "హబీబాకు పరీచ్చలు అయిపోయినాయి. మీ అమ్మకు మోకాలు నొప్పి, మెట్లు ఎక్కలేకుండా ఉండాది. ఈ పొద్దు బూరుగు దూది వచ్చింది, మంచి దూది." చిత్తూరులో ఉన్న అక్కగారి పిల్లలతోనేమో అనుకున్నాను. మీ అమ్మకు మోకాలు నొప్పి అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చింది. లేచి వెళ్లి ఫోను లాక్కుని చూశాను.

తెర మీద పైనుంచి కింద దాకా వాళ్లిద్దరే. "నాయనా తిన్నావా." "తిన్నా తల్లీ." "నాయనా చెల్లి ఎలా ఉంది." "బాగుండాది."

ఆ రోజు తిట్టాను. దొంగ చేతికి తాళాలిస్తావా, మతి ఉండే చేస్తా ఉండావా, ఇంటి గుట్టంతా వాడి చేతిలో పెడితే రేపు మీ ఇంటి మీదే పడతాడు, నీకు దూది తల మీదే కాదు తల లోపల కూడా పేరుకుపోయింది అన్నాను. ఆయన అంతా విన్నాడు. నేను అలిసిపోయాక మాట్లాడాడు.

"దొంగని తెలుసు రేవతమ్మా. తెలీక కాదు. వాడు అబ్బూ అని రాసినాడు సూడు, అది నాకు పడలా. నా బిడ్డ పేరు పెట్టుకోని, నా బిడ్డ బొమ్మ పెట్టుకోని ఆ మాటేంది? కోపంతోనే చెప్పినా, అట్ల కాదు, మా ఇంట్లో నాయనా అంటారు అని. అంతే చెప్పింది. వాడు ఎంటనే రాసినాడు, నాయనా అని."

దూది పోగు ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"చదివినాక ఆ కోపం యాడికి పోయిందో కనపడలా. మూతబడిన ఇంట్లో ఎవురో దీపం పెట్టినట్టు అనిపించింది. దొంగే పెట్టినాడు. అయినా ఎలుతురు ఎలుతురే గదమ్మా."

అయినా మానెయ్యన్నా అన్నాను. ఇక మానేస్తానన్నాడు. తల ఊపాడు. వాళ్లింటికి వెళ్లి షరీఫమ్మతో చెప్పాను, ఈయన్ని కాస్త కనిపెట్టమని. ఆమెకు ముందే తెలుసు. పొయ్యి ముందు కూర్చుని, నా వైపు తిరగకుండా చెప్పింది. "రెండు నెలల నుంచి కడుపునిండా అన్నం తింటా ఉండాడు రేవతీ. నాజియా పోయినాక ఇట్ల తినింది లేదు. ఆ ఫోన్లో ఏముండాదో నేను సూడలా. సూడను కూడా." ఆమెను ఏమని తిట్టను? మా ఇంటికి వచ్చి మంచం మీద పడి ఏడ్చాను.

ఇక కృపామణి సంగతి. తడ దగ్గర పల్లె పిల్ల. నాజియాతో హాస్టల్లో ఒకే గది, ఫ్యాక్టరీలో ఒకే లైను. నాజియా కోసం చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, మా మస్తానన్న కుట్టిన దిండు మీదే ఇప్పటికీ పడుకుంటుంది. పోయిన కార్తీక మాసంలో ఒక ఆదివారం ఆ పిల్ల బస్టాండు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. అంగడి ముందు ఆగి, లోపల దిండు కుడుతున్న మస్తానన్నను చూసి, గుమ్మంలోనే కూలబడింది.

"నాయనా, మీరు బాగుండారా?" అంది. ఆ పిల్లా ఆయన్ని నాయనా అనే పిలుస్తుంది, నాజియా దగ్గర నేర్చుకుని.

నీళ్లు తాగించి అడిగితే అంతా బయటికి వచ్చింది. ఎండాకాలంలో ఒకసారి నాజియా ఖాతా నుంచి ఆ పిల్లకు మెసేజీ వచ్చిందట. నేను నాజియా చెల్లెల్ని, అబ్బూకు కాలు విరిగింది, చెన్నై ఆస్పత్రిలో ఉన్నాం, సాయం చెయ్యమని. కృపామణి నవ్వుకుంది. ఆ ఇంట్లో అబ్బూ లేడు. పైగా పుత్తూరు మనిషికి కాలు విరిగితే చెన్నైకి మోసుకుపోతారా? తిరుపతి కొండ కింద ఉండి గుండు కోసం కాశీకి పోయినట్టు. తుడిచి పారేసింది.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం ఇంకొకటి వచ్చింది. కృపామణి దాన్ని మాకు చదివి వినిపించింది. "కృపక్కా, నేను హబీబాను. నాయనకు గుండె నొప్పి వచ్చింది. అమ్మకు మోకాలు నొప్పి, ఆస్పత్రి మెట్లు ఎక్కలేకుండా ఉంది. నేనొక్కదాన్నే తిరుగుతున్నా. బూరుగు దూది బస్తాలు అంగట్లో అట్లే ఉన్నాయి. నాయన నిన్నే తలుస్తున్నాడు."

"నాయన అని ఉండాదే," అంది కృపామణి, తప్పు తనదే అన్నట్టు. "ఇంటోళ్లు తప్ప ఆ మాట ఎవురు రాస్తారు అనుకున్నా. మీ నంబరు నా దగ్గర లేదు. నాజియా నంబరుకు చేస్తే ఎవరో మగమనిషి అరవంలో కసిరి పెట్టేసినాడు. ఇంక ఏం ఆలోచన చేయలా. దాచుకునిందంతా పంపేసినా. లీవు దొరికే దాకా ఉండలేక ఈ పొద్దు వచ్చేసినా."

మస్తానన్న చేతిలో దబ్బనం అలాగే ఉంది. మెసేజీ మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివింది. బూరుగు దూది దగ్గర ఆపమన్నాడు.

"ఇయన్నీ నా మాటలే," అన్నాడు. "నేర్పించింది నేనే తల్లీ. వాడికి ఏమీ రాకపాయ. నేనే ఒక్కొక్కటి సెప్పినా."

కృపామణి ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఏడుస్తూనే పెద్దమనిషిలా పని పురమాయించింది. డబ్బు సంగతికి సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేద్దాం. నాజియా పోయినట్టు మున్సిపాలిటీ ఇచ్చిన కాగితం పెట్టి ఖాతా మూయించేద్దాం. ఇంకెవరూ మోసపోకూడదు. అయితే మూసే ముందు వీడియోలన్నీ దించి రేవతక్క కంప్యూటర్లో పెట్టుకుందాం. ఇంత తేలిక పని ఇన్నాళ్లూ మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడే మొదలు పెడదామంది.

ఏడుపు విని ఇంట్లోంచి వచ్చిన షరీఫమ్మ ఊరుకోలేదు. పొద్దున్నుంచి ఒక్క మెతుకు కూడా ముట్టని పిల్ల, ముందు నాలుగు ముద్దలు తినాలంది. సంగటి, కోడికూర అయిపోయి ఉన్నాయి. పదంటే పది నిమిషాల పని, తిని వచ్చాక చేద్దామని నేనూ అన్నాను. ఇల్లు అంగడి వెనకే. వాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు. నేను నా అంగట్లో కంప్యూటరు పెట్టాను. మస్తానన్న ఆకలి లేదని అక్కడే కూర్చున్నాడు.

రేకు అవతల ఆయన గొంతు వినిపించింది. ఈసారి రాయడం కాదు, గొంతే పంపుతున్నాడు. నెమ్మదిగా, దిండు కోసం వచ్చిన పిల్లవాడికి చెప్పినట్టు చెబుతున్నాడు.

"సూడు నాయనా. నువ్వు ఎవురి బిడ్డవో నాకు తెలీదు. ఇన్ని దినాలు నాతో మాట్లాడినావు, సంతోషం. నా బిడ్డ పేరు సెప్పి ఆడబిడ్డల కష్టం తినొద్దు. నేను ఇప్పుడు ఆ కాతా మూయిస్తా ఉండా. నీకు సెప్పకుండా చేసేది నాయం కాదని సెప్తా ఉండా. వీడియోలు మాత్రం ముట్టుకోవద్దు నాయనా. ఆడ నా బిడ్డ గొంతు ఉండాది."

మా వైపు చిన్నపిల్లల్ని, పరాయి కుర్రవాళ్లను కూడా నాయనా అనే అంటాం, ప్రేమగా. ఆయన ఆ దొంగను అలా పిలిచాడు. నేను లేచి అటు పరుగెత్తేసరికి పంపేశాడు. ఫోను నా వైపు తిప్పి చూపించాడు. వాడు విన్నట్టు గుర్తు పడింది.

"ఇన్నాడు," అన్నాడు మస్తానన్న. "ఇన్నాడు గదా."

కాసేపటికి పచ్చ చుక్క ఆరింది. తర్వాత నాజియా బొమ్మ పోయింది. బొమ్మ ఉన్నచోట బూడిదరంగు తలకాయ ఒకటి, ముఖం లేకుండా. వాడు ఆయన్ని బ్లాక్ చేశాడు. బిడ్డ ఖాతా తండ్రికి తలుపేసుకుంది.

కృపామణి ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చింది. ఆ పిల్ల ఫోన్లో ఖాతా ఇంకా తెరుచుకుంది. పేరు మారిపోయి ఉంది. ఎవరో మగవాడి పేరు, పాత బండ్లు కొంటాం అమ్ముతాం అని ఒక బోర్డు. కిందకి జరిపింది, ఇంకా కిందకి జరిపింది. దూది లేదు, విల్లు లేదు, ఏమీ లేదు. ఒక్కటి కూడా మిగల్లేదు. వాడికి మా మీద పగ కూడా ఉండి ఉండదు. దొరికిపోయానని తెలిసి, తాళం మార్చి, ఇంట్లో ఉన్న సామాను వీధిలో పారబోశాడు. అవతల ఒక తండ్రి గుండె పగిలిందని వాడికి తెలియనైనా తెలియదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ వారమంతా చేశాం. 1930కి చెప్పాం. స్టేషన్లో కుర్ర పోలీసు ఒకడు ఓపిగ్గా అంతా విని డబ్బు పోయిన సంగతి రాసుకున్నాడు. గొంతు పోయిన సంగతి ఎలా రాయాలో అతనికీ తెలియలేదు. నాజియా పోయినట్టు ఇచ్చిన కాగితం స్కాన్ చేసి యాప్ వాళ్లకు పంపాను. మర్యాదైన ఇంగ్లీషులో జవాబు వచ్చింది. మీకు జరిగిన నష్టానికి చింతిస్తున్నాము, అయితే కాగితంలో ఉన్న పేరూ ఖాతాలో ఉన్న పేరూ ఒకటి కావు. మళ్లీ పంపాను. మళ్లీ చింతించారు. చింతించడానికి మిషను పెట్టుకున్నట్టున్నారు. ఇవన్నీ నేను తెలుగులో చెబితే మస్తానన్న ఒకటే అడిగాడు. "అంటే, ఆడ ఉండింది మా నాజియా కాదంటారా?"

కృపామణికి ఏమిచ్చినా తీసుకోనంది. ఆయన వారం రోజులు కూర్చుని బూరుగు దూదితో ఒక పరుపు కుట్టాడు. మంచి దూది అని దొంగకు చెప్పాడే, ఆ బస్తాలోదే. సూళ్లూరుపేట బస్సు టాపు మీద కట్టించి పంపాడు. పరుపు మాత్రం ఆ పిల్ల తీసుకుంది. రెండో ఆదివారం వచ్చి, ఆయన పక్కన కూర్చుని, నాజియా సంగతులు చెప్పి వెళ్లింది. అయితే ఒకటి గమనించాను. నాయనా అని పిలవబోయి ఆగిపోతోంది. ఏమండీ అంటోంది.

ఇప్పుడు మస్తానన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక గోడ మీద విల్లు దించుతాడు. మిషను ఉండగా అదేం పని అని నేను అడగను. దూది ఏకుతూ తనలో తాను మాట్లాడుకుంటాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. "తుంటి ఇరిగిన తాతకి. తడ నుంచి వచ్చినాడు," అంటాడు. ఆగుతాడు. ఆ పిల్ల అడిగేంత సేపు ఆగుతాడు. "నీకేమి ఇరిగిందని?" అంటాడు. మళ్లీ ఆగుతాడు. వీడియోలన్నింట్లో తన మాటలు ఆయనకు నోటికి వచ్చు. ఆమెవి కూడా వచ్చే ఉంటాయి. ఆమెవి పలకడు. రేకు ఇవతల నేను మిషను ఆపి, ఆ ఖాళీలో ఆ పిల్ల మాట వేసుకుని వింటాను. మొన్నటిదాకా స్పష్టంగా వినిపించేది. ఈ మధ్య ఆ గొంతు సన్నదా, కొంచెం బొంగురుదా అని నాకే అనుమానం వస్తోంది. ఆయనకు ఇంకా గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

మస్తానన్న ఫోను పోయిన నెల పాడైపోయింది. ఇప్పుడు తిరుపతిలో చదువుతున్న హబీబా కొత్తది కొనుక్కొచ్చింది. అక్క ఖాతా పోయినప్పటి నుంచి ఆ పిల్లకు ఇదే పట్టింపు. ఇంట్లో అందరి నంబర్లకూ తనే రీఛార్జి చేస్తుంది. ప్రతి ఖాతాకూ రెండు తాళాలు పెట్టించింది. తనకేమన్నా అయితే ఖాతా ఎవరు చూడాలో అది కూడా పెట్టింది, అమ్మ పేరు. నా చేత కూడా పెట్టించింది. సాయంత్రం అంగట్లో నాయన పక్కన స్టూలు మీద కూర్చుని కొత్త ఫోను తయారు చేస్తోంది. నేను రేకు పక్కన నిలబడి చూస్తున్నాను.

"ఇప్పుడు ఒక మాట సెప్పు నాయనా, తాళానికి," అంది. "పేర్లు వద్దు, పుట్టిన తేదీలు వద్దు. బయటోళ్లకు ఎవురికీ తెలీని మాట. మన ఇంట్లో మనకే తెలిసిన మాట. ఎవురు అడిగినా సెప్పకూడదు."

మస్తానన్న చాలాసేపు ఆలోచించాడు. కనురెప్ప మీద దూది పోగు ఉంటే హబీబానే తీసింది.

"అట్లాంటిది ఒకటే ఉన్నింది తల్లీ," అన్నాడు. "అది నేనే సెప్పేసినా."